మెదడు రక్తనాళంలో ఉబ్బు, 7.1 మిల్లీమీటర్లు: క్లిప్పా, కాయిలా, చూస్తా ఉండడమా?

లెక్కల_టీచర్_తిరుపతి

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు. తిరుపతి పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆరేళ్లుగా బీపీ ఉంది, రోజూ పొద్దున అమ్లోడిపిన్ 5 మాత్ర ఒకటి వేసుకుంటాను. షుగరు లేదు. సంగతి కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి సెలవులు అయినాక మెడ పట్టేసి తల తిరగడం మొదలైంది. పేపర్లు దిద్దీ దిద్దీ మెడ అరిగిందేమో అనుకున్నాను. ఎమ్మారై తీయిస్తే మెడలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. తలకు తీసిన యాంజియోలో, అంటే రక్తనాళాల స్కాన్‌లో మాత్రం, కుడివైపు మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే మెదడు రక్తనాళం రెండుగా చీలే చోట అన్యూరిజం, 6.4 మిల్లీమీటర్లు అని రాసినారు. రక్తనాళం గోడ పలచబడి బుడగ మాదిరి ఉబ్బిందట. తల తిరగడానికీ దీనికీ సంబంధం లేదు. వెతకని చోట దొరికింది, అంతే.

మొదట చూసిన డాక్టరు గారు చాలా నిదానంగా చెప్పినారు. కాగితం మీద ఒక స్కోరు వేసి చూపించినారు, ఫేజెస్ అంటారట. వయసు, బీపీ, సైజు, ఉబ్బు ఉన్న చోటు, ఇంతకుముందు ఎప్పుడైనా చిట్లిందా, ఏ దేశపు వాళ్లం అని ఆరు విషయాలకు మార్కులు. జపాను వాళ్లకూ ఫిన్లాండు వాళ్లకూ ఎక్కువ పడతాయి, మనకు సున్నా. నాకు బీపీకి 1, చోటుకు 2, మొత్తం 3. అంటే ఐదేళ్లలో చిట్లే అవకాశం 0.7 శాతం. "బీపీ అదుపులో పెట్టుకోండి, ఏడాదికోసారి స్కాన్ తీసి చూస్తా ఉందాం" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.

మా ఆయనకు మనసు ఒప్పక రెండో చోటికి తీసుకుపోయినారు. అక్కడ మణికట్టు దగ్గర నుంచి ట్యూబు పంపి అసలు యాంజియో, డీఎస్ఏ తీసినారు. అందులో 7.1 వచ్చింది. సైజు 7 దాటితే ఆ స్కోరులో ఒక్కసారిగా 3 మార్కులు కలుస్తాయి. 3 కాస్తా 6 అయింది, 0.7 శాతం కాస్తా 1.7 అయింది. నా తలలో ఏమీ మారలేదు, కొలిచిన మెషీను మారింది. పైగా బుడగ మెడ వెడల్పుగా ఉంది, 4.3 మిల్లీమీటర్లు. బుడగ నెత్తిన ఇంకో చిన్న మొగ్గ మాదిరి ఉంది. ఆ మొగ్గకు స్కోరులో మార్కుల్లేవు, కానీ అది మంచి గుర్తు కాదన్నారు. తల తెరిచి బుడగ మెడను బయట నుంచి బిగించే క్లిప్పు పెట్టడం మేలన్నారు.

మూడో చోట, తల తెరవడం ఎందుకు, రక్తనాళం లోపల నుంచే పోయి స్టెంటు సాయంతో బుడగలో కాయిల్, అంటే సన్నని తీగ చుట్టలు, నింపేద్దాం, మూడు రోజుల్లో ఇంటికి పోవచ్చు అన్నారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడినారు గానీ, బయట ప్యాకేజీలు చెప్పే మనిషి "తలలో బాంబు పెట్టుకుని తిరుగుతా ఉన్నారు మేడం, ఈరోజే అడ్మిట్ అయిపోండి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పక్కకు తిరిగి పడుకోవాలన్నా భయం వేసింది.

ఎందుకు భయమో చెప్తాను. మా అమ్మ 1997లో పోయింది, 50 ఏళ్లకు. చంద్రగిరి దగ్గర మా ఊళ్లో, ఉగాది ముందు రోజు, ఇల్లు అలుకుతా అలుకుతా "తల పగిలిపోతా ఉందే" అని గోడకు ఆనుకుంది. వాంతి అయింది. తిరుపతికి తెచ్చేలోపల తెలివి తప్పింది, రెండో రోజుకు లేదు. నరం చిట్లిందన్నారు. స్కాన్ తీయలేదు. అదీ ఇదీ ఒకటేనా అని ఇప్పుడు ఎవరినీ అడగడానికి లేదు.

నేనే ఒక లెక్క వేసుకున్నాను. ఏడాదికి 1 శాతం అనుకుందాం. ఇంకో 35 ఏళ్లు బతుకుతాననుకుందాం. 0.99 ని 35 సార్లు గుణిస్తే 0.70. అంటే నా మాదిరి వాళ్లు వంద మందిలో 30 మందికి చిట్లుతుంది. ఆపరేషన్ అయితే ఒకేసారి 5 నుంచి 8 శాతం ముప్పు అంటున్నారు. లెక్క ఆపరేషన్ వైపే మొగ్గుతా ఉంది. కానీ ఆ 5 శాతం ఈ ఏప్రిల్‌లోనే, ఆ 30 శాతం ఎప్పుడో. ఇప్పుడు నాకు ఏ బాధా లేదు, నడుస్తా ఉన్నాను, పాఠం చెప్తా ఉన్నాను. బాగున్న మనిషిని నేనే పోయి బల్ల మీద పడుకోవడమా?

ఇంకో సంగతి. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. నా దగ్గర 43 మంది పిల్లలు ఉన్నారు, అందులో ఓ పది పన్నెండు మంది గట్టున పడతారో లేదో తెలియనివాళ్లు. మా అమ్మాయికి కూడా ఇంటర్ పరీక్షలే. పరీక్షలు అయ్యేదాకా ఆగొచ్చా? ప్రతి ఏడూ అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి కొండకు పోయే అలవాటు నాది, ఇప్పుడు పోవచ్చా? క్లిప్పో కాయిలో చేయించుకున్నవాళ్లు, లేదా ఏమీ చేయించుకోకుండా ఉన్నవాళ్లు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.


గుడిపాల_మామిడితోట

టీచరమ్మా, మాది గుడిపాల పక్కన పల్లె. నేను డాక్టర్ని కాదు. మా ఇంటామెకు 2021లో కాయిల్ పెట్టించినాము, నాకు తెలిసింది అదొక్కటే, అదే చెప్తా.

ఆమెది మీ మాదిరి ఊరికే బయటపడింది కాదు. తోతాపురి కోతల టైము. ఎడమ కంటి రెప్ప వాలిపోయింది, మనుషులు ఇద్దరిద్దరుగా కనబడతా ఉండారు అనింది. కంటి జబ్బనుకుని కంటాసుపత్రికి పోతే, ఆ డాక్టరమ్మ లైటు వేసి చూసి, కంటిపాప పెద్దదై ఉండాది, చుక్కలమందు కాదు, ఇప్పుడే తలకు స్కాన్ తీయించండి పొండి అనింది. ఆ తల్లి వల్ల మా ఇల్లు నిలబడింది. మెదడు కింద పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ అనే చోట ఉబ్బి, పక్కనే పోయే కంటి నరాన్ని నొక్కతా ఉండాదంట. అట్ట నొక్కితే ఆగే పని లేదంట, తొందరగా చేయాలంట. అందుకే మాకు ఆలోచించుకునే టైమే దొరకలా. మీకు దొరికింది, అది మంచిదే.

తొడ కాడ నుంచి ట్యూబు పోనిచ్చి ప్లాటినం తీగ చుట్టలు చుట్టలుగా నింపినారు. నాలుగో రోజు ఇంటికొచ్చేసినాం. తల మీద గాటు లేదు. రెప్ప నెమ్మదిగా నాలుగైదు నెలలకు లేచింది. మేమంతా అయిపోయిందనుకున్నాం.

ఆరు నెలలకు మళ్లీ యాంజియో. అడుగున కొంచెం తెరుచుకుని ఉండాదన్నారు. కాయిల్ పెట్టిన ఐదుగురిలో ఒకరికి అట్ట కొంచెం తెరుచుకుంటుందంట, పదిమందిలో ఒకరికి మళ్లీ చేయాల్సి వస్తుందంట. మా పాలిట ఆ పదోది మేమే అయినాం. రెండోసారి ఫ్లో డైవర్టర్ అనే జల్లెడ మాదిరి స్టెంటు వేసినారు, ఉబ్బులోకి పోయే రక్తాన్ని దారి మళ్లిస్తుంది. అది బాగా పనిచేసింది, ఇప్పుడు మూసుకుపోయి ఉండాది. ఆమె తోటలో పని కూడా చేస్తా ఉంది.

మాకు ఎవరూ గట్టిగా చెప్పకుండా పోయిన ఒక సంగతి ఉంది. స్టెంటు అంటే రక్తం పలచబడే మాత్రలు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ నెలల తరబడి. ఒక్క పూట కూడా మానకూడదు. మానితే స్టెంటులో గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. మా ఆమెకు గ్యాసు పట్టి మందుల షాపులో అడిగితే ఒమెప్రజోల్ ఇచ్చినారు. నెలరోజులు వేసుకున్నాక చెకప్‌లో డాక్టరు సారు చూసి అరిచినంత పని చేసినారు. అది క్లోపిడోగ్రెల్‌ను సరిగ్గా పనిచేయనీదంట. వేరేది రాసిచ్చినారు. ఇంకోసారి పన్ను పీకించాలని పోతే పంటి డాక్టరు వెనక్కి పంపేసినారు, ముందు మీ మెదడు డాక్టరు దగ్గర చీటీ తెమ్మని. గోడకు తగిలినా చెయ్యి నల్లగా కమిలిపోతుంది.

కాయిల్ వద్దని చెప్పడంలే టీచరమ్మా. మూడు రోజుల్లో ఇంటికి అన్నది నిజమే. అయితే ఆ మూడు రోజుల తర్వాత ఏళ్ల తరబడి ఉండే పని కూడా వాళ్లనే అడగండి. మీరు చదువుకున్నోళ్లు, మాత్రలు మరిచిపోరు. మా ఆమెకు నేను ఫోనులో అలారం పెట్టి పెట్టి కాపాడుకున్నా.


భవానీనగర్_నర్సమ్మ

అమ్మా టీచరూ, నేను న్యూరో వార్డులో 27 ఏళ్లు చేసి రిటైరైనాను. ముందు ఒక మాట సరిచేస్తాను. మనం నరం చిట్లింది, నరం చిట్లింది అంటాం కదా, అది నరం కాదు తల్లీ, రక్తనాళం. మన మాటలో రెండింటికీ నరమనే అంటాం కాబట్టి, "నరానికి ఆపరేషన్ అంట, చెయ్యి కాలు పడిపోతాయంట" అని చుట్టాలు భయపెడతారు. మీకు చేసేది రక్తనాళానికి. గోడ చెడిన గొట్టాన్ని బయట నుంచి బిగించడం క్లిప్పు, లోపల నుంచి నింపడం కాయిలు.

చిట్లినాక వచ్చినవాళ్లను నేను చాలామందిని చూసినాను. మీ అమ్మగారి గురించి మీరు రాసింది చదివి చాలాసేపు అట్నే కూర్చున్నాను. అమ్మ సంగతి చూసిన ప్రతి డాక్టరుకూ చెప్పినారా? స్కాన్ లేకపోయినా చెప్పాలి. 50 ఏళ్లకు, ఉన్నట్టుండి తలనొప్పి, వాంతి, తెలివి తప్పడం. అది ఆ ఫేజెస్ స్కోరులో ఉండదు, కానీ చూసే డాక్టరు మనసులో ఉండాలి. మీకు తోడబుట్టినవాళ్లు ఉంటే వాళ్లకు కూడా ఒకసారి స్కాన్ అవసరమా అని అడగండి.

క్లిప్పు ఆపరేషన్ తర్వాత ఏముంటుందో చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కణత దగ్గర, వెంట్రుకల లోపల గాటు. చిన్న ఎముక ముక్క తీసి, పని అయినాక దాన్ని అక్కడే చిన్న ప్లేట్లతో బిగిస్తారు. రెండో రోజు కన్ను వాచి మూసుకుపోతుంది, చూసి ఇంట్లోవాళ్లు గాబరా పడతారు, అది తగ్గిపోతుంది. నమిలే కండరం కణత దగ్గరే ఉంటుంది, దాన్ని పక్కకు తీస్తారు. అందుకే కొన్ని వారాలు నోరు పెద్దగా తెరవలేరు, చపాతీ నమిలితే నొప్పి. సంగటి, పెరుగన్నం, ఇడ్లీ పెట్టుకోండి. గాటు పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది, నెలలు పడుతుంది. మా వార్డులో వారం రోజులకు ఇంటికి పంపేవాళ్లం, ఆరు వారాల తర్వాతే పనికి. నీరసం మాత్రం అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉంటుంది. క్లాసులో నిలబడి గొంతెత్తి చెప్పే పని మీది, జూన్‌లో బడి తెరిచే రోజుకే పోతానని పట్టుబట్టొద్దు.

కొండ సంగతి. బీపీ అదుపులో ఉంటే మామూలు నడక మంచిదే. కానీ ఎండలో, ఊపిరి ఆడకుండా, ఎవరితోనో పోటీ పడి ఎక్కడం ఇప్పుడు వద్దు. ఊపిరి బిగబట్టి బరువులెత్తొద్దు. మలబద్ధకం ఉంటే మందు వేసుకోండి, ముక్కొద్దు. ఇంట్లో బీపీ మెషీను కొనండి, పొద్దునా సాయంత్రం చూసి నోటుబుక్కులో రాయండి.

ఇంకొకటి, ఇది మన ఊళ్లోనే చెప్పాల్సిన మాట. ఆపరేషన్‌కు ముందు మొక్కు తీర్చుకోవాలని కల్యాణకట్టకు పోయి గుండు చేయించుకుని వస్తారు చాలామంది. భక్తి మంచిదే. కానీ ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందు కత్తితో గీయించుకుంటే చర్మం మీద కంటికి కనబడని గాట్లు పడతాయి, వాటిలో చీము పట్టొచ్చు. ఆపరేషన్ రోజు ఆసుపత్రిలో మెషీనుతో కత్తిరిస్తారు, అదే చాలు. మొక్కు ఉంటే అంతా మానినాక తీర్చుకోండి, స్వామి ఎక్కడికీ పోడు.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. ఎన్నడూ రాని తలనొప్పి, క్షణంలో పట్టి పీకేసినట్టు వస్తే, మెడ బిగుసుకుంటే, రెప్ప వాలితే, 108కి ఫోను. మాత్ర వేసుకుని పడుకోవడం లేదు.

ఇది చదివే మిగతావాళ్లకు: డబ్బు లేదని ఆగిపోవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏముందో ఆసుపత్రిలో వైద్యమిత్రను అడగండి. టీటీడీ ప్రాణదాన ట్రస్టు గుండె, కిడ్నీలతో పాటు మెదడు జబ్బులకూ పేదవాళ్లకు సాయం చేస్తుంది.


పీలేరు_అబ్బాయి

అక్కా, మా నాన్నకు 71. ఆయనకూ వేరే దానికి తీసిన స్కాన్‌లో 4 మిల్లీమీటర్లది కనబడింది, కెరోటిడ్ అనే రక్తనాళం మీద. గుండెకు ఇప్పటికే రెండు స్టెంట్లు. మేం ఏమీ చేయించలేదు. డాక్టరు గారు ఒకటే అడిగినారు, బీడీ మానమని. నలభై ఏళ్ల బీడీ మాన్పించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. మూడేళ్లుగా ఏడాదికోసారి ఎమ్మార్ యాంజియో, అదే 4. నాన్న హాయిగా ఉన్నారు.

కానీ మీది చదివినాక మాది చూసి మీరు ఊరకుండొద్దు అనిపించింది. ఆయనకు ముందున్న ఏళ్లు తక్కువ, ఉబ్బు చిన్నది, మత్తు ఇవ్వడమే ముప్పు. మీకు ఆ మూడూ తిరగబడి ఉన్నాయి. చూస్తా ఉండడం అంటే ఏమీ చేయకపోవడం కాదక్కా, స్కాన్ తేదీ దగ్గరపడే కొద్దీ ఇంట్లో ఎవరికీ నోట మాట రాదు. అది మోయగలరా లేదా అన్నది కూడా చూసుకోండి.


లెక్కల_టీచర్_తిరుపతి

అందరికీ దండాలు. నర్సమ్మగారూ, అమ్మ సంగతి మూడో డాక్టరుకు చెప్పనే లేదు నేను. అడగలేదు, చెప్పలేదు. రైతన్నా, ఒమెప్రజోల్ నేను కూడా అప్పుడప్పుడు వేసుకుంటాను, అది తెలియడం మంచిదైంది. ఇంకో సందేహం. కాయిలే మేలని పెద్ద పరిశోధనలో తేలిందని మా స్టాఫ్‌రూంలో ఒక సారు ఫోనులో చూపించినారు. నిజమేనా?


న్యూరోసర్జరీ_పీజీ_కుప్పం

మేడం, నేను ఇంకా చదువుకుంటున్నవాణ్ణి, మీ ఫిల్ములు చూడలేదు. కాబట్టి మీకు ఇది చేయించుకోండి అని చెప్పను. మీ సారు చూపించింది ఐశాట్ అనే పరిశోధన అనుకుంటాను, 2002లో వచ్చింది, 2,143 మంది మీద. ఏడాది తర్వాత చనిపోయినవాళ్లు, మంచాన పడి ఒకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి కాయిల్ వైపు దాదాపు 24 శాతం, క్లిప్పు వైపు దాదాపు 31 శాతం. కాయిల్ గెలిచింది, నిజమే. కానీ వాళ్లంతా చిట్లినాక ఆసుపత్రికి వచ్చినవాళ్లు. రక్తంతో నిండి వాచిపోయిన మెదడును పక్కకు జరిపి క్లిప్పు పెట్టడం వేరు, చిట్లని మెదడులో పెట్టడం వేరు. ఆ లెక్కను మీకు తెచ్చి అతికించకూడదు.

చిట్లనివాటి గురించి 2019లో ఒక పెద్ద కూర్పు వచ్చింది, లక్ష మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసినారు. నెలలోపు వచ్చే ఇబ్బందులు కాయిల్, స్టెంటు వైపు దాదాపు 5 శాతం, క్లిప్పు వైపు దాదాపు 8 శాతం. మరణాలు మాత్రం రెండు వైపులా చాలా తక్కువ, వెయ్యికి మూడు, వెయ్యికి ఒకటి. మీరు రాసిన 5, 8 అక్కడి నుంచే వచ్చి ఉంటాయి. కానీ అందులో అన్ని రకాల చోట్లూ కలిసి ఉన్నాయి. మిడిల్ సెరిబ్రల్ చీలిక దగ్గర ఉబ్బు మెదడు పైపొరకు దగ్గరగా, మెదడు రెండు భాగాల మధ్య సందులో ఉంటుంది. సర్జనుకు అందుబాటు చోటు. అదే చోట మెడ వెడల్పుగా ఉండి, కొమ్మలు మెడలోంచే బయల్దేరితే కాయిల్ జారిపోతుంది, స్టెంటు కావాలి. అందుకే ఈ చోటికి చాలామంది ఇప్పటికీ క్లిప్పు వైపు మొగ్గుతారు. మెదడు వెనక బేసిలార్ అనే రక్తనాళం కొసన ఉంటే అందరూ దాదాపు లోపలి దారే అంటారు. వెడల్పు మెడ ఉన్న చీలికల కోసం వెబ్ అని బుట్ట మాదిరి పరికరం కూడా వచ్చింది, మీ ఆకారానికి సరిపోతుందా అని అడగండి.

మీ లెక్క గురించి. 0.99 ని 35 సార్లు గుణించడంలో తప్పు లేదు, కానీ ఉబ్బు ఏటా ఒకే పాచిక వేయదు. కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, కొన్ని పెరిగి చిట్లుతాయి. జపానులో 5,720 మందిని గమనించి 2012లో ప్రచురించినారు, అన్నీ కలిపి ఏడాదికి 0.95 శాతం. మీ 1 శాతం దానికి దగ్గరే, కానీ అది జపాను వాళ్ల లెక్క, వాళ్లకు చిట్లడం ఎక్కువ. అందులోనే మీరు చెప్పిన మొగ్గ ఉన్నవాటికి ముప్పు ఒకటిన్నర రెట్లకు పైగా ఉందని తేలింది. కాబట్టి 30 అన్న అంకెను గట్టిగా పట్టుకోకండి. దిశ మాత్రం సరైనదే: 46 ఏళ్లు, బీపీ, మొగ్గ, అమ్మ చరిత్ర, ఇవన్నీ ఒకే వైపు లాగుతున్నాయి. 6.4, 7.1 తేడా మాత్రం మరిచిపోండి. 7 అన్నది లెక్క సౌకర్యం కోసం మనుషులు గీసుకున్న గీత.

మీరు అడగాల్సినవి నా దృష్టిలో రెండే. ఒకటి, "మీ చేతుల మీద ఇలాంటివి ఏడాదికి ఎన్ని అవుతాయి, వాళ్లు ఎలా ఉన్నారు?" ఇది అడిగితే మంచి సర్జను కోపం తెచ్చుకోరు. రెండు, "ఆ 5 శాతంలో నేను పడితే నాకు ఏమవుతుంది?" 5 శాతం ఏమిటి అన్నది అంకె చెప్పదు. వీలైతే క్లిప్పు చేసేవాళ్లూ కాయిల్ చేసేవాళ్లూ ఒకే చోట కూర్చుని మీ ఫిల్ము చూసే ఆసుపత్రికి పొండి. అప్పుడు ఎవరి సరుకు వాళ్లు అమ్మినట్టు ఉండదు. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ఉంది, మీకు పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి, అంటే వెల్లూరుకు, రైలు ఉంది. మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో జేకబ్ చాందీ గారు మొదలుపెట్టింది ఆ వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలోనే.

బాధ ఏమీ లేకుండా బయటపడినది, చిట్లనిది, సాధారణంగా ఈరోజే అడ్మిట్ అవ్వాల్సినది కాదు. కొన్ని వారాలు ఆలోచించుకుని తేదీ పెట్టుకోవడం మామూలే. ఏప్రిల్ దాకా ఆగొచ్చా అన్నది మాత్రం మీ మొగ్గను కళ్లతో చూసినవాళ్లను అడగండి.


లెక్కల_టీచర్_తిరుపతి

మూడు వారాలైంది. ఏం జరిగిందో చెప్పకుండా పోవడం బాగుండదని రాస్తున్నా.

ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో కూర్చునే చోటికి పోయినాం. ఎక్కడో రాయను, ఎవరి ఫిల్ముకు తగ్గట్టు వాళ్లు వెతుక్కోవాలి. కాయిల్ చేసే డాక్టరు గారే ముందు ఫిల్ము తిప్పి తిప్పి చూసి, "దీనికి నేను రెండు స్టెంట్లు వేయాల్సి వస్తుందమ్మా, నా చెల్లెలైతే క్లిప్పుకే పంపుతాను" అన్నారు. తన పని కాదని తనే చెప్పిన మనిషిని చూసి నాకు సగం ధైర్యం వచ్చింది.

తర్వాత సర్జను గారిని ఆ రెండు ప్రశ్నలూ అడిగినాను. ఏడాదికి ఎన్ని అన్నదానికి ఆయన రిజిస్టరు చూసి చెప్పినారు. ఏమవుతుంది అన్నదానికి పెన్ను తీసుకుని బొమ్మ గీసినారు. ఉబ్బు కుడివైపు. పక్కనున్న కొమ్మ మూసుకుంటే ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనం కావచ్చు. మీరు కుడిచేతి వాటం కదా, మాట మెదడులో ఎడమవైపు ఉంటుంది, కాబట్టి మాట పోయే భయం తక్కువ అన్నారు. ఫిట్స్ రావచ్చు, కొన్నాళ్లు మాత్రలు వేసుకోవాల్సి రావచ్చు అన్నారు. పదిహేను రోజులుగా 5 అనీ 8 అనీ రాసి కొట్టేస్తా ఉన్నదాన్ని, ఆ బొమ్మ చూసినాక ఆగిపోయినాను. ఎడమ చెయ్యి నీరసపడినా సుద్దముక్క కుడిచేత్తోనే కదా పట్టుకునేది. గొంతు ఉంటుంది. మా ఆయన మాత్రం ఎడమ కాలు గురించే అడిగినారు, నాలుగు సార్లు.

క్లిప్పుకే ఒప్పుకున్నాను. టైటానియందట, తర్వాత ఎమ్మారైకి అడ్డు లేదు, కార్డు ఇస్తారట. ఏప్రిల్ మూడో వారం తేదీ ఇచ్చినారు. బీపీ 130 లోపల ఉంటేనే ఆగుతాం అన్నారు, టెల్మిసార్టన్ ఒకటి కలిపినారు. నోటుబుక్కులో రోజుకు రెండు సార్లు రాస్తా ఉన్నా. నిన్న 124, 78. ఈహెచ్‌ఎస్, అంటే ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డుకు ముందు అనుమతి కాగితాలు మా ఆయన పెట్టినారు. స్పాట్ వాల్యుయేషన్‌కు ఈసారి మినహాయింపు అడిగినాను, హెచ్చెమ్ గారు సంతకం పెట్టేటప్పుడు కళ్లు తుడుచుకున్నారు.

మా చెల్లెలు మదనపల్లెలో ఉంటుంది. దానికి 42. అమ్మ సంగతి, నా సంగతి రెండూ కలిపి చెప్పి స్కాన్‌కు పొమ్మన్నాను. మొదట ఏడ్చింది, తర్వాత కోప్పడింది, మొన్న పోయి తీయించుకుంది. ఏమీ లేదు. ఆ రిపోర్టు ఫోనులో చూసిన పొద్దున నేను చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయినాను.

మా అమ్మాయికి పరీక్షలు అయ్యేదాకా చెప్పకూడదనుకున్నాం. బీపీ పుస్తకం చూసి అదే అడిగింది. చెప్పేసినాను. ఇప్పుడు రాత్రిపూట బీపీ అదే చూస్తా ఉంది.

నర్సమ్మగారూ, మొక్కు సంగతి మీ మాటే. జుట్టు ఎంత తీస్తారని అడిగితే గాటు పొడుగునా రెండు వేళ్ల వెడల్పు చాలన్నారు. మిగతాది కొండకు పోయినప్పుడు ఇస్తాను. రైతన్నా, మీ ఇంటామెకు నా దండాలు చెప్పండి. రేపు గ్రాండ్ టెస్టు పేపర్లు ఇవ్వాలి, త్రికోణమితిలో ఇంకా ఏడుగురు తడబడుతున్నారు, వాళ్లను సాయంత్రం కూర్చోబెడుతున్నాను. మేలో రాస్తాను.